వారంవారీ డబ్బులిచ్చే యాక్సిడెంట్ పాలసీ: ఇన్నేళ్లు కట్టాక నా మాట

విజయవాడ ఆటోనగర్‌లో నాకు చిన్న లేత్ షాపుంది. మిషన్ మీద నిలబడేది నేనే కాబట్టి, నేను రాని రోజు షట్టర్ తీసినా దండగే. అద్దె, కరెంటు బిల్లు, మిషన్ లోను కిస్తీ మాత్రం ఆగవు. హెల్త్ పాలసీ ఆస్పత్రి బిల్లు కడుతుంది గానీ ఇంట్లో బియ్యం కొనదు కదా. అందుకని 2018 నుంచి పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ కడుతున్నా.

ఇందులో అసలు సరుకు 'టెంపరరీ టోటల్ డిజేబుల్‌మెంట్' అనే క్లాజు. దెబ్బ తగిలి పనికి వెళ్లలేని వారాలకు లెక్కగట్టి ఇస్తారు. చాలా పాలసీల్లో ఇది బీమా మొత్తంలో వారానికి ఒక శాతం, దానికీ ఒక గరిష్ఠ పరిమితి. నాది పది లక్షల పాలసీ, పరిమితి వారానికి 5,000. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందిగా అంటారు కొందరు. అది ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వత వైకల్యం వస్తేనో ఇచ్చేది. చెయ్యి విరిగి అతుక్కుంటే అందులో రూపాయి రాదు.

నాకు విరిగింది కుడి మణికట్టే. వానలో బెంజి సర్కిల్ దగ్గర బండి జారింది. ప్లేటు వేశారు. ఎక్స్‌రేలు, పని చేయలేడని డాక్టరు రాసిన సర్టిఫికెట్, మళ్లీ పనికి వెళ్లొచ్చని ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఐటీ రిటర్నులు అన్నీ ఇచ్చా. కట్టు విప్పిన దగ్గర్నుంచి పేచీ మొదలు. "కౌంటర్లో కూర్చుని బిల్లులు రాయొచ్చు కదండీ" అన్నాడు బీమా కంపెనీ మనిషి, ఆ తర్వాతి వారాలు లెక్కలోంచి తీసేశారు. కుడిచేత్తో! ఫిజియోథెరపీ కాగితాలు జతచేసి కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కు మెయిల్ పెట్టాక, తీసేసిన వారాల్లో సగం ఒప్పుకున్నారు. అక్కడా తేలకపోతే బీమా తగాదాలు తేల్చే హైదరాబాదులోని అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు, ఫీజు లేదు. నాకంత దూరం పోవాల్సిన పని పడలేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతా. ఫారంలో వృత్తి దగ్గర 'వ్యాపారం' అని రాస్తే ప్రీమియం తగ్గుతుందన్నాడు ఏజెంటు. ఒప్పుకోలేదు, లేత్ ఆపరేటర్ అనే రాయించా. మిషన్ పనివాళ్లకు ప్రీమియం ఎక్కువే, కానీ క్లెయిమ్‌లో వాళ్లు ముందు వెతికేది ఆ గడినే.

పెద్ద లోటు ఏమిటంటే, జబ్బుకు ఈ పాలసీ పనికిరాదు. డెంగీతో మంచాన పడ్డప్పుడు పైసా రాలేదు, చీటీ పాడి గడిపాం. ఫ్యాక్టరీలో చేసే మా తమ్ముడికి ఈఎస్ఐ ఉంది. జబ్బు సెలవులో జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా ఇస్తారు. సొంత షాపువాడికి ఆ దారి లేదు. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ విడిగా తీసుకున్నా గానీ, అది క్యాన్సర్, గుండెపోటు, కిడ్నీ ఫెయిల్యూర్ లాంటి జాబితాలోని జబ్బులకే ఒకేసారి డబ్బిస్తుంది. జ్వరాలకు చీటీయే గతి.

ఈ ఏడాదీ రెన్యువల్ చేశా. వారానికి 5,000 ఇప్పుడు ఏ మూలకూ చాలదు కాబట్టి మొత్తం పెంచమని అడిగా. ఆదాయం చూపిస్తేనే పెంచుతామన్నారు, రిటర్నులు పంపా.