స్కానరా, మల్టీమీటరా?

డ్యాష్‌బోర్డ్‌లో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ లైట్లు ఒక్కసారే వెలిగాయంటే మూడు పార్టులూ కలిసి పోయాయని టెన్షన్ పడక్కర్లేదు. చాలాసార్లు తెగేది మాడ్యూళ్ల (బండిలో ఒక్కో పని చూసే చిన్న కంప్యూటర్ల) మధ్య మాటే. బెజవాడ ఆటోనగర్‌లో బండి ఆపగానే వచ్చే ప్రశ్న: ముందు స్కానర్ (ఫాల్ట్ కోడ్లు చదివే పరికరం) పెట్టాలా, మల్టీమీటర్ (వైర్లలో కరెంటు, ఓమ్స్ కొలిచే మీటర్) పట్టాలా?

ఖర్చు: అన్ని మాడ్యూళ్లనూ చదివే స్కానర్ వేలల్లో, మీటర్ వందల్లో.

శ్రమ: స్కానర్‌ది నిమిషాల పని. మీటర్‌కి ఓపిక కావాలి, వైరింగ్ డయాగ్రమ్ కావాలి.

ఏం చెబుతుంది: స్కానర్ యు0100 చూపిస్తే ఇంజిన్ మాడ్యూల్ పలకడం లేదని అర్థం, పోయిందని కాదు. ఫ్యూజు పోయినా, ఎర్త్ వదులైనా అదే కోడ్. ఇది చూసి మాడ్యూల్ మార్చేస్తేనే జేబుకు చిల్లు.

మీటర్ ఇంకో సంగతి చెబుతుంది. బ్యాటరీ టెర్మినల్ తీసి, కాసేపు ఆగి, ఓబీడీ సాకెట్‌లో (స్కానర్ తగిలించే చోటు) 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి; మాడ్యూళ్లను కలిపే రెండు వైర్లూ వచ్చేది అక్కడికే. సుమారు 60 వస్తే ఆ వైర్ల రెండు చివర్ల 120 ఓమ్స్ రెసిస్టర్లూ ఉన్నట్టే. 120 వస్తే ఒక వైపు తెగింది. సున్నాకు దగ్గరైతే రెండు వైర్లూ తగులుకున్నాయి. గేట్‌వే (మాడ్యూళ్ల మాటల్ని మధ్యలో ఉండి అటూ ఇటూ పంపే మాడ్యూల్) ఉన్న బండ్లలో మాత్రం ఈ లెక్క మారొచ్చు.

రిస్క్: మీటర్ మొన పిన్నులో బలంగా గుచ్చితే పట్టు వదులై కొత్త ఫాల్ట్ మనమే తెచ్చుకుంటాం. ఎయిర్‌బ్యాగ్ పసుపు కనెక్టర్ల జోలికి అసలు పోవద్దు.

కొన్ని మాడ్యూళ్లు పలుకుతూ ఒకటే మొండికేస్తే స్కానర్‌తో మొదలుపెట్టండి. ఏదీ పలకకపోయినా, ఎలుక కొరికిందని అనుమానమున్నా నేనైతే మీటరే పడతాను.