అప్‌డేట్ అయ్యాక చార్జింగ్ నిలవట్లేదా? ఓపిక పట్టడమా, రీసెట్టా, కొత్త బ్యాటరీయా

భీమవరంలోనో అమలాపురంలోనో సెల్ షాపు ముందు కాసేపు నిలబడితే ఈ మాట వినబడకుండా ఉండదు: "అప్‌డేట్ కొట్టిన దగ్గర్నుంచీ చార్జింగ్ దిగిపోతోందండీ." కౌంటర్ వెనక కుర్రాడి జవాబూ సిద్ధంగా ఉంటుంది: "ఆయ్, రీసెట్ కొట్టేద్దామండీ." ఇంటికొస్తే బాబాయి "నాలుగు రోజులు ఆగరా, అదే సర్దుకుంటుంది" అంటాడు. బావగారైతే "బ్యాటరీ అయిపోయుంటుంది, మార్చిపారెయ్" అంటాడు. ముగ్గురిలో ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. కాకపోతే ముగ్గురూ ఫోన్ చూడకుండానే చెబుతున్నారు. నన్నడిగితే, రీసెట్ (అంటే ఫోన్‌లోని డేటా అంతా తుడిచి కొత్తదానిలా చేయడం) జోలికి చివరిదాకా వెళ్లకూడదు. బ్యాటరీకి డబ్బు పెట్టేముందు ఒక రాత్రి పరీక్ష చేసి తీరాలి.

పరీక్షకు పైసా ఖర్చు లేదు. పడుకునే ముందు చార్జింగ్ ఎంత శాతం ఉందో చూసుకుని, ఎయిరోప్లేన్ మోడ్ వేసి, వైఫై, బ్లూటూత్ కూడా ఆపేసి ఫోన్ పక్కన పెట్టండి. అలారం ఎలాగూ మోగుతుంది. పొద్దున్న లేచేసరికి నాలుగైదు శాతం లోపే తగ్గితే బ్యాటరీని అనుమానించాల్సిన పని దాదాపు లేదు. తినేస్తున్నది సిగ్నలో, నెట్ వాడే యాప్‌లో అన్నమాట. అలా మూసిపెట్టినా పదిహేను, ఇరవై శాతం పోయిందంటే లోపల ఏదో పని ఆగకుండా నడుస్తోంది, లేదా బ్యాటరీకే వయసైపోయింది. రొయ్యల చెరువు మీద కాపలా ఉండేవాళ్లు మాత్రం ఈ పరీక్ష రాత్రి పెట్టుకోవద్దు. కరెంటు పోయి ఏరియేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే మోటార్ స్టార్టర్‌లో పెట్టిన సిమ్ నుంచి కాల్ వచ్చేది ఆ ఫోన్‌కే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ. పగలు ఖాళీ ఉన్న నాలుగైదు గంటల్లో చూసుకుంటే చాలు.

ఇప్పుడు బాబాయి సలహా సంగతి. పెద్ద అప్‌డేట్ తర్వాత ఫోన్ యాప్‌లన్నిటినీ కొత్త సిస్టమ్‌కు తగ్గట్టు మళ్లీ సిద్ధం చేసుకుంటుంది. గ్యాలరీలోని ఫొటోలను మళ్లీ వెతికి లెక్క రాసుకుంటుంది. క్లౌడ్‌తో సరిచూసుకుంటుంది. ఐఫోన్ కూడా ఇదే చేస్తుంది, అప్‌డేట్ తర్వాత కొన్నాళ్లు చార్జింగ్ త్వరగా తగ్గొచ్చని ఆపిల్ కంపెనీయే చెబుతుంది. కాబట్టి మూడు నాలుగు రోజులు ఆగడం సబబే. అయితే ఊరికే ఆగితే చాలదు. ఆండ్రాయిడ్‌లో ఈ పనుల్లో చాలావరకు ఫోన్ వాడకంలో లేకుండా, చార్జర్‌కు తగిలించి ఉన్నప్పుడే జరిగేలా పెట్టారు. గట్టు మీద షెడ్డులో పది నిమిషాలు, బండి మీద పావుగంట, మళ్లీ టీ కొట్టులో కాసేపు, ఇలా ముక్కలు ముక్కలుగా చార్జింగ్ పెట్టే ఫోన్‌కు ఆ పని పూర్తిచేసుకునే సందే దొరకదు. అందుకే నాలుగు రోజుల్లో సర్దుకోవాల్సింది రెండు వారాలైనా అలాగే సాగుతుంది. వరసగా రెండు మూడు రాత్రులు వైఫై ఉన్న చోట చార్జర్‌కు పెట్టి వదిలేయండి. జేబులో ఊరికే ఉన్న ఫోన్ కూడా వేడెక్కిపోతుంటే మాత్రం ఓపిక పట్టకండి, వెంటనే సెట్టింగ్స్‌లోని బ్యాటరీ పేజీ తెరవండి.

బ్యాటరీ పేజీలో చాలామంది పొరబడేది శాతాల దగ్గర. వాట్సాప్ పక్కన 30 శాతం అని ఉంటే బ్యాటరీలో 30 శాతం అదే తాగేసిందనుకుంటారు. చాలా ఫోన్లలో అది ఖర్చైన మొత్తంలో దాని వాటా. చూడాల్సింది ఆ పేరు మీద నొక్కితే కనిపించే బ్యాక్‌గ్రౌండ్ సమయం. ఉదాహరణకు ఒక షాపింగ్ యాప్ కింద తెర మీద నాలుగు నిమిషాలు, బ్యాక్‌గ్రౌండ్‌లో తొమ్మిది గంటలు అని ఉందనుకోండి, దొంగ దొరికినట్టే. దానికి లొకేషన్ "ఎప్పుడూ" అని ఉంటే "వాడుతున్నప్పుడు మాత్రమే"కి మార్చి, బ్యాక్‌గ్రౌండ్ వాడకాన్ని కట్టేస్తే సరి. అంతకన్నా ముందు ప్లే స్టోర్‌లో యాప్‌లన్నీ అప్‌డేట్ చేయండి. సిస్టమ్ కొత్తది, యాప్ పాతది అయితే రెండిటికీ పొసగక అదే పని మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చునే యాప్‌లు ఉంటాయి. జాబితా పైన గూగుల్ ప్లే సర్వీసెస్ కనబడితే దాన్ని ఆపేయొద్దు. వేరే యాప్ ఏదో దానితో లొకేషనో సింకో చేయిస్తూ ఉంటుంది. పట్టుకోవాల్సింది ఆ యాప్‌ను.

కట్టేయడానికీ హద్దుంది. వాట్సాప్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లో కట్టేస్తే మెసేజ్‌లు ఆలస్యంగా వస్తాయి. వంద కౌంటు (కిలోకు వంద తూగే రొయ్యల) రేటు పొద్దున్నే గ్రూపులో పడితే మీకు మధ్యాహ్నం తెలుస్తుంది. చార్జింగ్ మిగిలి ఏం లాభం? "బ్యాటరీ సేవర్" పేరుతో దొరికే విడి యాప్‌ల జోలికి అసలు పోవద్దు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచే ఊరికే ఉన్న ఫోన్‌ను నిద్రపుచ్చే ఏర్పాటు సిస్టమ్‌లోనే ఉంది. రీసెంట్ యాప్‌లను గంటకోసారి తుడిచేసే అలవాటు కూడా దండగే, మళ్లీ తెరిచినప్పుడల్లా మొదటి నుంచి లోడ్ చేయడానికి ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది.

మన డెల్టాలో వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది సిగ్నల్ అని నా గట్టి అభిప్రాయం. లంక గ్రామాల్లో, ఊళ్లకు దూరంగా ఉన్న చెరువుల మధ్య ఒక గీత సిగ్నల్ వస్తే గొప్ప. టవర్ దూరమయ్యే కొద్దీ ఫోన్ అంత గట్టిగా అరవాలి, ఆ అరుపుకు బ్యాటరీ ఖర్చు. అప్‌డేట్ తర్వాత కొన్ని ఫోన్లలో నెట్‌వర్క్ ఎంపిక మళ్లీ 5జీ ఆటోకు పోతుంది. మన దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరులో మొదలయ్యాయి, కానీ పాలకొల్లు సెంటర్‌లో వచ్చినట్టు పొలం గట్టు మీద వస్తుందని ఎక్కడా రాసిపెట్టి లేదు. 5జీ దొరికి, పోయి, మళ్లీ 4జీకి వచ్చి, మళ్లీ వెతుక్కుని, రోజంతా ఇదే పని. పైగా 4జీ ఆసరాతో నడిచే రకం 5జీ అయితే ఫోన్ రెండిటినీ పట్టుకుని ఉండాలి. సెట్టింగ్స్‌లో 4జీ ఆటో పెట్టి ఒక రోజు చూడండి. రెండో సిమ్‌కు ఇంటి దగ్గర సిగ్నలే లేకపోతే దాన్ని సెట్టింగ్స్‌లోనే ఆపేయండి, లేని టవర్ కోసం అది రాత్రంతా వెతుకుతూ ఉంటుంది. వీటితో దారికి రాకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్ మాత్రం రీసెట్ చేయొచ్చు. వైఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జతలు పోతాయి, ఫొటోలకూ చాట్‌లకూ ఏమీ కాదు.

క్యాష్ పార్టిషన్ (సిస్టమ్ తన తాత్కాలిక ఫైళ్లు ఉంచుకునే చోటు) తుడవడం అని ఇంకోటి చెబుతారు. ఆ సదుపాయం కొన్ని ఫోన్లలో ఉంది, కొన్నిటిలో అసలు లేదు. ఉంటే చేసుకోండి, డేటా పోదు. రికవరీ తెరలో పక్కనే ఫ్యాక్టరీ రీసెట్ లైన్ ఉంటుంది, వేలు దాని మీద పడకుండా చూసుకోండి.

షాపు కుర్రాడి రీసెట్ పనిచేయదని కాదు. పాత సెట్టింగ్స్, కొత్త సిస్టమ్ మధ్య ఏర్పడిన చిక్కుముడిని ఒక్క దెబ్బకు తెంచేస్తుంది. కానీ ఖరీదు చూడండి. వాట్సాప్ బ్యాకప్ లేకపోతే చాట్‌లు పోయినట్టే. ఆ బ్యాకప్ ఇప్పుడు ఉచితంగా వచ్చే 15 జీబీ గూగుల్ స్టోరేజ్‌లోంచే తీసుకుంటుంది, అది నిండిపోతే బ్యాకప్ ఆగి ఎన్నాళ్లయిందో చాలామందికి తెలియదు. యూపీఐ యాప్‌లు మళ్లీ రిజిస్టర్ చేయాలి, దానికి బ్యాంకులో ఉన్న నంబరు సిమ్ నుంచే ఎస్సెమ్మెస్ వెళ్లాలి. గూగుల్ పాస్‌వర్డ్ గుర్తులేకపోతే రీసెట్ అయిన ఫోన్ తెరుచుకోకపోవచ్చు. అన్నిటికీ మించి, రీసెట్ తర్వాత యాప్‌లన్నీ మళ్లీ దించుకుని ఫోన్ మొదటి నుంచి సర్దుకోవాలి కాబట్టి తొలి రెండు రోజులు చార్జింగ్ ఇంకా త్వరగా దిగుతుంది. కోతల రోజుల్లో, చెరువులో రొయ్యలు పట్టే పట్టుబడి రోజుల్లో ఆ పని పెట్టుకోకండి.

మరి బావగారి మాట? ఎయిరోప్లేన్ మోడ్‌లో కూడా దిగిపోయి, ఫోన్ కొని మూడేళ్లు దాటి, ముప్ఫై శాతం దగ్గర ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతుంటే ఆయన చెప్పిందే నిజం. అప్‌డేట్ చేసింది పాత నీరసాన్ని బయటపెట్టడమే. ఐఫోన్‌లో బ్యాటరీ హెల్త్ 80 శాతం కిందికి వస్తే ఇక ఆలోచించక్కర్లేదు. మన దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో బండి హ్యాండిల్‌కు ఫోన్ తగిలించి మ్యాప్ చూస్తూ తిరిగేవాళ్లకు ఇది ఇంకా త్వరగా వస్తుంది. 35 డిగ్రీలు దాటిన వేడిలో వాడితే బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతినొచ్చని ఆపిల్ చెబుతుంది. అప్‌డేటే కావాలని బ్యాటరీని తగ్గించిన సందర్భాలు కూడా లేకపోలేదు. 2025 జనవరిలో పిక్సెల్ 4ఏకు, అదే ఏడాది జులైలో 400 చార్జింగ్ సైకిళ్లు (నిండా నింపి పూర్తిగా వాడితే ఒక సైకిల్) దాటిన కొన్ని పిక్సెల్ 6ఏ ఫోన్లకు గూగుల్ అలా సామర్థ్యం తగ్గించే అప్‌డేట్ ఇచ్చింది. 6ఏ విషయంలో కారణం బ్యాటరీ వేడెక్కే ప్రమాదం. అలాంటి ఫోన్‌లో మీరెన్ని సెట్టింగ్స్ మార్చినా పాత చార్జింగ్ తిరిగి రాదు. ఇక వెనక ప్యానెల్ ఉబ్బినట్టు, డిస్‌ప్లే అంచు లేచినట్టు కనిపిస్తే పరీక్షలేమీ వద్దు. చార్జింగ్ పెట్టడం ఆపేసి షాపుకు తీసుకెళ్లండి.

పాత వెర్షన్‌కు వెనక్కి తీసుకెళ్తామనేవాళ్లూ ఉన్నారు. వద్దు. డేటా పోతుంది, సెక్యూరిటీ ప్యాచ్‌లు పోతాయి, బూట్‌లోడర్ (ఫోన్‌లో సిస్టమ్‌ను మొదలుపెట్టే, తాళం వేసి ఉండే ప్రోగ్రామ్) తెరిస్తే బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. ఐఫోన్‌లో అయితే కొద్ది వారాల్లోనే ఆ దారి కంపెనీయే మూసేస్తుంది.

రాత్రిళ్లు చెరువు మీద ఉండేవాళ్లకు మాత్రం ఇవేవీ మొదలుపెట్టకముందే ఒక పవర్ బ్యాంక్ కొనుక్కోమంటాను. 10000 ఎంఏహెచ్ అని డబ్బా మీద ఉన్నా ఫోన్‌కు చేరేది అందులో ఆరు వేల చిల్లరే. 5000 ఎంఏహెచ్ ఫోన్‌ను ఒకసారి నింపడానికి అది సరిపోతుంది. ఆ మాత్రం ఉంటే కరెంటు పోయిన కాల్ తప్పిపోతుందన్న టెన్షన్ లేకుండా మిగతావి ఒక్కొక్కటే చేసి చూసుకోవచ్చు.