మోకాలికి కణచికిత్స: ఏళ్లు గడిచాక నా అభిప్రాయం

షటిల్ ఆడుతూ మోకాలు మెలిపడి, తొడ ఎముక చివర గుజ్జు రూపాయి బిళ్లంత మేర ఊడిపోతే నాకు కణచికిత్స చేశారు, అంటే నా గుజ్జు కణాలనే బయట పెంచి తిరిగి అక్కడ నింపారు. అది పనిచేసిందని ఇన్నేళ్ల తర్వాత నమ్మకంగా చెప్పగలను. కానీ దానికి దక్కే పేరులో సగమైనా ఫిజియోథెరపీకి దక్కకపోవడం అన్యాయం.

పద్ధతి కొత్తదేమీ కాదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు 1994లోనే 23 మంది ఫలితాలు ప్రచురించారు. నాలాగా తొడ ఎముక చివర దెబ్బతిన్న 16 మందిలో 14 మందికి బాగుంది. మోకాలి చిప్ప వెనక దెబ్బతిన్న ఏడుగురిలో ఇద్దరికే. బరువు పడని చోటు నుంచి చిన్న గుజ్జు ముక్క తీసి, ప్రయోగశాలలో కొన్ని వారాలు కణాలను పెంచి, రెండో ఆపరేషన్‌లో గుంటలో నింపుతారు. గుజ్జుకు రక్తనాళాలు లేవు. దాని తిండి కీలులోని ద్రవం నుంచే, అదీ కీలు కదిలితేనే. కదలకుంటే కొత్త కణాలకు పస్తు, తొందరపడి బరువు మోపితే నలుగుడు.

మొదట్లో కాలిని ఒక యంత్రంలో పెట్టి గంటల తరబడి మెల్లగా వంచుతూ చాపుతూ ఉంచారు. నొప్పి కంటే విసుగే ఎక్కువ. అసలు కష్టం తొడ కండరంతో వచ్చింది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి నొక్కమంటే, ఎంత తంటాలు పడినా అది ఉలకదు, పలకదు. ఫిజియోథెరపిస్టు చిప్పకు కాస్త పైన వేలు ఆనించి, “ఇదిగో, ఇక్కడ బిగించండి సార్” అనేవారు. ఊతకర్రల దశలో బరువు తూచే యంత్రం మీద కాలు పెట్టించి, ముల్లు 20 కిలోలు దాటకుండా అడుగు వేయడం ఆవిడే నేర్పారు. గెంతే ఆటలకు ఏడాది దాకా అనుమతి లేదు.

ఇప్పుడు మెట్లు దిగడం, సైకిల్ తొక్కడం హాయిగా ఉంది. బాసింపట్టు వేసుకోగలను, పూర్తిగా ముడిచి కూర్చుంటే మాత్రం కాస్త పట్టేస్తుంది. షటిల్ డబుల్స్‌తో సరిపెట్టుకున్నాను. నన్ను చూసి మా మేనత్త “నాకూ ఆ కణాలు వేయించరా” అంది. వయసుతో మోకాలంతా అరిగినవారికి ఇది కాదని డాక్టరు చెప్పి పంపేశారు.

ఆసుపత్రి ఇచ్చిన అంచనాలో కణాల ఖర్చు, ఆపరేషన్ ఖర్చు ఉన్నాయి. నెలల తరబడి సాగే ఫిజియోథెరపీ ఊసే లేదు. బీమా సంస్థ కూడా ఆ బిల్లులు తిప్పిపంపింది. చేయించుకోబోయేవారు ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందే ఇలాంటి కేసులు చూసిన ఫిజియోథెరపిస్టును ఇంటికి దగ్గరలో మాట్లాడిపెట్టుకోండి. రానుపోను ఆటో ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి, అది తక్కువేమీ కాదు.