మా టెక్ పార్కు డే కేర్ రివ్యూ: పిల్లలకి బాగుంది, ఫీజు రూల్సే బాలేవు

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద, కాడుబీసనహళ్ళి వైపు ఉన్న మా టెక్ పార్కు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉందిది. మా కంపెనీ, పక్క టవర్‌లోని ఇంకో రెండు కంపెనీలు కలిసి పెట్టించాయి. రోజువారీ నడిపేది మాత్రం బయటి ఏజెన్సీ. మా పాప తొమ్మిదో నెల నుంచి అక్కడే ఉంటోంది, ఇప్పుడు రెండేళ్ళు దాటాయి. కొత్తగా పిల్లలు పుట్టిన తెలుగువాళ్ళు ఎవరు కలిసినా ఆయాని పెట్టుకోవాలా, డే కేర్‌లో వేయాలా, ఊరి నుంచి అమ్మని పిలిపించుకోవాలా అని ఇదే అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా. అయిదుకి నాలుగు ఇస్తాను.

ముందు ఒక మాట. గోడకి అతికించిన మాంటిస్సోరి చార్టులూ, "బ్రెయిన్ డెవలప్‌మెంట్" బోర్డులూ చూసి మురిసిపోకండి. అవి ఏ డే కేర్‌లో అయినా ఉంటాయి. ఇక్కడ మనం డబ్బు కట్టేది లిఫ్టు దిగితే పిల్ల కనపడుతుందని, అంతే. ఇంటి దగ్గర డే కేర్‌లో వేసి, మధ్యాహ్నం "పాపకి ఒళ్ళు వేడిగా ఉంది మేడమ్" అని ఫోన్ వస్తే, వాన పడుతున్న రోజు బెళ్ళందూరు జంక్షన్ దాటి వెళ్ళేసరికి ఏమవుతుందో ఈ రోడ్డు మీద తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చని చట్టంలోనే ఉంది. పాలిచ్చే తల్లులకి బిడ్డకి పదిహేను నెలలు నిండేదాకా రోజూ రెండు బ్రేకులు వేరే. మొదట్లో ఏజెన్సీ వాళ్ళు "మాటిమాటికీ వస్తే మిగతా పిల్లలు ఏడుస్తారు" అని నసిగారు. రూలు ప్రింట్ తీసి చూపించాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తిండి విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం పప్పన్నమో సాంబారన్నమో, తర్వాత పెరుగన్నం, సాయంత్రం అరటిపండు. సాంబారులో బెల్లం వేస్తారు, బెంగళూరు కదా, తప్పదు. కోలారు వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరున్నారు, తెలుగు బాగా మాట్లాడతారు. అన్నం వేళ్ళతో మెత్తగా మెదిపి, నెయ్యి చుక్క వేసి, గోళీకాయంత ముద్దలు చేసి గిన్నె అంచున వరసగా పెట్టుకుంటారు. ఇక కిటికీలోంచి గేటు దగ్గర ఆగే క్యాబులని చూపిస్తూ ఒక్కో క్యాబుకీ ఒక్కో ముద్ద. ఇంట్లో నా దగ్గర రెండు ముద్దలకే మూతి తిప్పుకునే పిల్ల అక్కడ గిన్నె ఖాళీ చేసి వస్తోంది. ఏజెన్సీ యాప్‌లో వచ్చే ఫొటోల కంటే ఆవిడ సాయంత్రం చెప్పే నాలుగు ముక్కలే నాకు పనికొస్తాయి.

అయితే సాయంత్రం అయిదు దాటాక పరిస్థితి వేరు. సగం మంది ఆయాలు షిఫ్టు అయిపోయి వెళ్ళిపోతారు, పిల్లలు మాత్రం అలాగే ఉంటారు. ఆఫీసు డే కేర్‌ల గురించి కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడేళ్ళలోపు పిల్లలకైతే పదిమందికి ఒక వర్కరు, తోడుగా ఒక హెల్పరు ఉండాలి. నన్నడిగితే పదిమందే ఎక్కువ, ఇద్దరికి ఒకేసారి డైపర్ మార్చాల్సి వస్తే మిగతా ఎనిమిది మందిని ఎవరు చూస్తారు? మేమందరం కలిసి గట్టిగా అడిగాక ఏడింటిదాకా ఇంకొకరిని ఉంచుతున్నారు.

ఒక పాయింటు కోసింది ఫీజు దగ్గర. కంపెనీ సగం పెట్టుకుంటే మా వాటా నెలకి 7,500, బయటి వాటితో పోలిస్తే తక్కువే, కాదనను. కానీ మేం ఆఫీసుకి వచ్చేది వారానికి మూడు రోజులు, ఫీజు మాత్రం నెలంతటికీ. రోజు లెక్కన తీసుకోమంటే "సీటు బ్లాక్ అవుతుంది మేడమ్" అంటారు, అదేదో బస్సు రిజర్వేషన్ అన్నట్టు. ఏడు దాటితే లేట్ ఫీజు, అమెరికా కాల్ ఉన్నవాళ్ళ గతి ఇక దేవుడికే తెలియాలి. జ్వరం ఉంటే రానివ్వరు, ఆ రూలు మాత్రం నేను సమర్థిస్తాను.

ఇది మా కంపెనీ తనంతట తాను పెట్టింది కాదు. మొదట "మాకూ ఒక డే కేర్ ఉంటే బాగుంటుంది" అని మెయిల్ పెడితే హెచ్‌ఆర్ నుంచి "పరిశీలిస్తాం" అని ఒక్క లైను జవాబు వచ్చింది, అంతే. తర్వాత దారి మార్చాం. ఆరేళ్ళలోపు పిల్లలు ఎవరికున్నారు, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా కావాలి, ఎంతవరకు కట్టగలరు అని ఒక చిన్న ఫారం తిప్పాం, మగవాళ్ళకి కూడా. తీరా చూస్తే నింపినవాళ్ళలో తండ్రులే ఎక్కువ! "ఇది నలుగురు ఆడవాళ్ళ గొడవ" అనుకున్న మా డెలివరీ హెడ్‌కి (ప్రాజెక్టులు చూసే పెద్దాయనకి) అక్కడ కాస్త కళ్ళు తెరుచుకున్నాయి. ఆ ఫారం లెక్కలతో పాటు చట్టం కాపీ జత చేశాం. 2017లో మెటర్నిటీ బెనిఫిట్ చట్టాన్ని సవరించినప్పుడు వచ్చిన 11ఎ సెక్షన్ ప్రకారం యాభై మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకీ క్రెష్, అంటే ఈ డే కేరే, ఉండాలి. యాభై మంది ఆడవాళ్ళు అని కాదు, మొత్తం ఉద్యోగులు. పీణ్యా గార్మెంట్ ఫ్యాక్టరీల లాంటి చోట్ల 2025 నవంబర్ దాకా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం లెక్క వేరుగా ఉండేది, ముప్పై మందికి మించి మహిళలుంటే క్రెష్ తప్పనిసరి. ఆఫీసుల రూలు ఇప్పుడు పాత చట్టాల బదులు వచ్చిన సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో 67వ సెక్షన్‌గా చేరింది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. కాబట్టి "పాత చట్టం పోయింది కదా, ఇక క్రెష్ అక్కర్లేదు" అని ఎవరైనా అంటే నమ్మొద్దు.

చట్టం పేరెత్తగానే పని అయిపోతుందని కాదు, బెదిరించినట్టుంటే ఇంకా బిగుసుకుంటారు. మాకు పనికొచ్చింది మూడు దారులు చూపించడం. సొంతంగా ఒక గది, లేదా పార్కులోని కంపెనీలన్నీ కలిసి ఒకటి, లేదా దగ్గర్లోని డే కేర్‌తో ఒప్పందం చేసుకుని ఫీజులో వాటా. మార్గదర్శకాల్లో దూరం 500 మీటర్ల లోపు అని ఉంది కాబట్టి మూడోదానికి చుట్టుపక్కల ఏవి సరిపోతాయో మేమే నడిచి చూసి రాసిచ్చాం. ఫైనాన్స్ వాళ్ళకి ఖర్చు పంచుకునే రెండోది నచ్చింది. ఫీజు ఎవరు కట్టాలో ఆ సెక్షన్‌లో రాయలేదు, అందుకే దాన్ని మొదటి మీటింగులోనే తేల్చుకోండి. మేం సగం దగ్గర ఆగాం, ఇంకాస్త లాగాల్సింది అనేవాళ్ళూ ఉన్నారు.

ఇంకో చిక్కు ఉంది, ముందే తెలిస్తే మంచిది. ప్రసూతి సెలవు 26 వారాలు, అందులో ఎనిమిది వారాలు కాన్పుకి ముందే వాడుకుంటే తిరిగి డ్యూటీకి వచ్చేసరికి బిడ్డకి నాలుగు నెలలే. ఇక్కడ ఆరు నెలలు నిండితే గానీ తీసుకోరు. ఆ మధ్య రెండు నెలలు ఇంటి నుంచి పని అని లెటర్ మీద రాయించుకోండి, నోటిమాట నమ్ముకుంటే మేనేజర్ మారగానే గోవిందా.

నాకు మింగుడుపడనిది ఒకటే. హౌస్‌కీపింగ్ వాళ్ళ పిల్లలకి ఇక్కడ చోటు లేదు. కాంట్రాక్టు, రోజుకూలీ వాళ్ళకి కూడా ఇవ్వాలని అదే మార్గదర్శకాల్లో ఉంది, అయినా "వాళ్ళు ఏజెన్సీ మనుషులు" అంటున్నారు. ఆ గది రోజూ తుడిచే అమ్మాయి తన మూడేళ్ళ బాబుని పక్కింటావిడ దగ్గర వదిలి వస్తోంది. దీని మీద ఇంకో మెయిల్ నడుస్తోంది, జవాబు ఇంకా రాలేదు.

మీ పార్కులో ఇలాంటిది ఉంటే చూడ్డానికి పొద్దున పదింటికి వెళ్ళకండి, అప్పుడు అంతా తళతళలాడుతూ ఉంటుంది. మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టే వేళ ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి వెళ్ళండి. రావొద్దంటే ఎందుకొద్దో అడగండి.