ఎమర్జెన్సీ షెల్టర్ కిట్ ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ఒక్కసారి ఇది చదవండి

ఫ్రెండ్స్, డిసెంబర్‌లో లంబసింగి వైపు ట్రెక్‌కి వెళ్దామని ఆన్‌లైన్‌లో ఒక ఎమర్జెన్సీ షెల్టర్ కిట్ తీసుకున్నాను, 1,899 రూపాయలు. 3 మీటర్లకి 3 మీటర్ల టార్పాలిన్, వెండి రంగులో మెరిసే ట్యూబ్ టెంట్ (రెండు వైపులా తెరిచి ఉండే గొట్టం లాంటి గుడారం), పారాకార్డ్ (గట్టి నైలాన్ తాడు), మేకులు అన్నీ కలిపి. టార్పాలిన్ 120 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 120 గ్రాములు) అని అమ్మినవాడు రాశాడు, రేటింగ్ కూడా బాగుంది, విప్పి చూడకుండానే బ్యాగ్‌లో పెట్టేశాను.

చెరువులవేనం పక్క కొండ దిగేలోపే చీకటి పడి మంచు కమ్మేసింది, దారి కనపడట్లేదు, కిట్ ఉందిగా అని నేనూ మా బావమరిదీ ఆగిపోయాం. రెండు చెట్ల మధ్య తాడు కట్టి టార్పాలిన్ వేసి మూల బిగిస్తుంటే రింగు పట్టా ముక్కతో సహా ఊడి చేతిలోకి వచ్చేసింది. గాలి కూడా లేదండీ అప్పుడు. మూలలో గులకరాయి పెట్టి, పట్టాని దాని మీదుగా మడిచి చుట్టూ తాడు బిగించి ఎలాగో నిలబెట్టాం, ఈ పద్ధతి గుర్తుపెట్టుకోండి, రింగు పోయినా పనికొస్తుంది. ట్యూబ్ టెంట్ అయితే మడత దగ్గర నిలువునా చీలిపోయింది, చీలని వైపు ఇద్దరం దూరి పడుకుంటే మా ఊపిరి చెమ్మే లోపల నీళ్ళయి కారి అర్ధరాత్రికి స్వెటర్లు తడిసిపోయాయి.

రాత్రి రెండు గంటలకి మా బావమరిదికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. నాకు నిజంగా భయం వేసింది. ఒంట్లో వేడిని చల్లటి నేల లాగేస్తుందని ఎక్కడో విన్నాను, ఫోన్ లైట్‌లో ఎండుటాకులు దొరికినన్ని పోగేసి మూరెడు మందాన పరిచి, తడి స్వెటర్ తీయించి నా జాకెట్ వేసి, ఇద్దరం ఒకరినొకరు ఆనుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. పొద్దున్నే కింద ఊళ్ళో ఒక పెద్దాయన నెగడు దగ్గర కూర్చోబెట్టి వేడి గంజి ఇచ్చాడు, ఆయన్ని మర్చిపోలేను.

ఇంటికొచ్చి కిరాణా కొట్టు కాటాలో టార్పాలిన్ తూయించాను. 9 చదరపు మీటర్లు, 120 జీఎస్ఎం అంటే 1,080 గ్రాములు ఉండాలి, ఉన్నది 540. పారాకార్డ్ కోసి చూస్తే లోపల 7 పోగులు ఉండాల్సిన చోట దూదిలాంటిది కుక్కి ఉంది. అమ్మినవాడిని అడిగితే వాడిన వస్తువు, రిటర్న్ గడువు అయిపోయింది అన్నాడు.

కొన్నవాళ్ళు రిటర్న్ గడువు ఉండగానే తూకం వేయించండి, డాబా మీద కట్టి ఒక్కో రింగూ గట్టిగా లాగి చూడండి, రెండు బకెట్ల నీళ్ళు పోయండి, ఒక రాత్రి అందులో పడుకోండి, పార్సిల్ విప్పేది వీడియో తీసి పెట్టుకోండి. ధాన్యం మీద కప్పే మందపాటి బరకం ఎరువుల షాపులో చేత్తో పట్టుకు చూసి కొనుక్కోవచ్చు, నేను ఈసారి అదే తెచ్చాను, బరువే కానీ రింగులు కదల్లేదు. టెంట్ రెండు వైపులా గాలి ఆడేలా వదలండి, చలి అని లోపల కుంపటి మాత్రం పెట్టకండి, బొగ్గు పొగకి నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఇలాంటి కిట్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళు ఈరోజే బయటికి తీసి చూడండి.