పటమా, తోలుబొమ్మా: పిల్లల చేత కథ రాయించడానికి ఏది మేలు?

మన తెలుగు వాచకాల్లో పాఠం చివర ‘సృజనాత్మకత’ అనే శీర్షిక కింద కథ రాయండి, సంభాషణ రాయండి అని అడుగుతారు. దానికి కావలసిన సరుకు పిల్లలకు ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఉపాధ్యాయుడే చూసుకోవాలి. ‘మా నాన్న’ అని శీర్షిక ఇస్తే నలభై నోటు పుస్తకాల్లోనూ ‘మా నాన్నగారు నాకు ఆదర్శం’ అన్న వాక్యమే వస్తుంది. కళలను పాఠాలతో కలిపి బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది గనుక, ఏ కళను తరగతిలోకి తీసుకురావాలో ఆలోచించక తప్పదు. అనంతపురం ప్రాంతంలోని ఒక పల్లె బడిలో తెలుగు చెబుతూ నేను రెండింటిని ఎక్కువగా వాడి చూశాను. ఒకటి చేర్యాల పటం, రెండోది తోలుబొమ్మలాట.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీలు అనే చిత్రకారులు గీసే పటం గోడకు తగిలించుకునే అలంకారంగా పుట్టలేదు. చింతగింజల జిగురు, సుద్దమట్టి, చెట్టు బంక కలిపి ఖద్దరు గుడ్డకు పూసి, ఆరిన తరువాత ఎర్రని నేపథ్యం మీద కథను వరుస గళ్లలో గీస్తారు. కాకిపడగల వారు, కూనపులి వారు వంటి కథకులు ఆ చుట్టను కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కొక్క గడిని చూపిస్తూ, తమను పోషించే కులాల పురాణాలను చెబుతూ వచ్చారు. కథను ఎక్కడ తుంచాలి, ఏ ముక్క తరువాత ఏది రావాలి అన్న విద్య అంతా ఆ గళ్లలోనే ఉంది. తరగతిలో దీనిని వాడడం సులభం. అసలు పటం కొనే స్తోమత బడికి లేకపోయినా, అచ్చు ప్రతి ఒకటి గోడకు అతికించి, నడుమ ఒక గడిని కాగితంతో కప్పి, అక్కడ ఏం జరిగి ఉంటుందో రాయమంటే చాలు. ఒక్క పీరియడులో పని అయిపోతుంది, పక్క తరగతికి ఇబ్బంది ఉండదు, నోరు విప్పని పిల్లలు కూడా రాస్తారు. కథకు మొదలు, నడక, ముగింపు ఉండాలన్న సంగతి ఇంత తేటగా చెప్పగల సాధనం నాకు మరొకటి కనిపించలేదు.

అయితే 6, 7 తరగతుల పిల్లలు పటాన్ని చూసి కథ రాయడం లేదు, పటంలో ఉన్నదాన్ని అప్పజెబుతున్నారు. ‘ఒక తాటిచెట్టు ఉంది. చెట్టు మీద ఒక మనిషి ఉన్నాడు. కింద ఒక కుండ ఉంది.’ ఇందులో తప్పేమీ లేదు, కానీ చెట్టెక్కిన మనిషి ఏమనుకుంటున్నాడో ఎక్కడా లేదు. చిత్రకారుడు అప్పటికే అంతా చూసి పెట్టాడు గనుక, పిల్లవాడికి చూడడానికి తప్ప కల్పించడానికి చోటు తక్కువ మిగులుతుంది.

తోలుబొమ్మ దారి వేరు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ కళకు పేరున్న ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆటలో రామాయణ కథకు ఆధారంగా ద్విపద ఉంటుంది, కానీ నవ్వించే పాత్రలైన కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదికి వచ్చినప్పుడు ఆధారమేమీ ఉండదు. ఆ రాత్రి, ఆ ఊళ్లో, ఎదుట కూర్చున్న జనాన్ని బట్టి మాట పుడుతుంది. బడికి నాకు కావలసింది ఆ భాగమే.

మేకతోలుతో చేసే అసలు బొమ్మల రంగులు తెర మీద మెరుస్తాయి. మేము శుభలేఖల అట్టలు కత్తిరించి, చీపురుపుల్లలు కట్టి, తూర్పు కిటికీకి కొంచెం ఇవతల పంచె తెరగా కట్టుకున్నాము. అట్టబొమ్మకు నల్లని నీడ తప్ప కన్ను, చీర, మీసం ఏవీ కనిపించవు కాబట్టి, అవన్నీ మాటతోనే రావాలి. ఏడో తరగతిలో ఒక పిల్లవాడు తన కేతిగాడి చేత ‘ఏమిరా, మీ నాయన యాడికి పోయినాడు?’ అని అడిగించి, రెండో బొమ్మ చేత ‘సేద్యం లేదని బెంగళూరికి పోయినాడు, ఉగాదికి వస్తాడంట, నాకు చెప్పులు తెస్తాడంట’ అనిపించాడు. ‘నాన్నగారు నాకు ఆదర్శం’ అని అంతకు ముందు నెలలో రాసింది కూడా ఈ పిల్లవాడే. బొమ్మ మాట్లాడుతున్నదనుకున్నాడు గనుకనే తన ఇంటి సంగతి తన ఇంటి భాషలో చెప్పగలిగాడని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దీనికీ చిక్కులు ఉన్నాయి. రెండు పీరియడ్లు పడుతుంది, గోల తప్పదు, వాగ్ధాటి ఉన్న నలుగురే తెరను ఆక్రమిస్తారు. అన్నిటికంటే పెద్ద చిక్కు, తెర వెనుక పలికిన మంచి మాట మధ్యాహ్న భోజనం గంట కొట్టేసరికి ఆవిరైపోవడం. అందుకని ఆట ఆడే ఇద్దరికీ ఇద్దరు రాతగాళ్లను జతచేసి, విన్నది విన్నట్టు అక్కడికక్కడే రాయిస్తున్నాను. మాట్లాడడానికి సిగ్గుపడే పిల్లలు ఈ పనిలో బాగా కుదురుకున్నారు. బుర్రకథను కూడా ప్రయత్నించాను గానీ, బాణీ అందుకోగానే పాత పాటల మాటలే వచ్చి కూర్చున్నాయి.

కాబట్టి 6, 7 తరగతులకు, అప్పుడే రాయడం మొదలుపెట్టే ఎవరికైనా, తోలుబొమ్మే మేలు. వాళ్లకు కరువైంది కథ నడిపే నేర్పు కాదు, తమ మాట కాగితం మీదికి రావచ్చునన్న ధైర్యం. 8, 9 తరగతులకు వచ్చి, మాట సాగుతూ కథ దారి తప్పుతున్నప్పుడు పటం వెలకట్టలేని సాయం చేస్తుంది. తాము రాసిన సంభాషణను అయిదు గళ్లలో గీసుకుని, అక్కరలేని గడిని కొట్టివేయమంటే, ఏ వాక్యం తీసివేయాలో నేను చెప్పకుండానే వాళ్లకు తెలుస్తున్నది. ఈ వరుసను తలకిందులు చేసి, ముందు పటం పెట్టిన ఏడాది నాకు చక్కని వరుసలో ఉన్న ప్రాణం లేని కథలు వచ్చాయి.

దిద్దేటప్పుడు మాత్రం ఎర్ర కలాన్ని అదుపులో పెట్టుకోవాలి. ఆ పిల్లవాడి పుస్తకంలో నేను ఉద్ధరణ చిహ్నాలు పెట్టాను, ‘చెప్పులు’లో జారిపోయిన ఒత్తు సరిచేశాను, ‘యాడికి పోయినాడు’ను ‘ఎక్కడికి వెళ్ళారు’ అని మార్చలేదు.