డీ-ఎస్సర్‌తో రెండేళ్లు: లిజన్ బటన్ లేకపోతే ఎప్పుడో తీసేసేవాణ్ని

డీ-ఎస్సర్ అంటే రికార్డు చేసిన గొంతులో 'స' దగ్గర వచ్చే బుసను కోసి తగ్గించే ప్లగిన్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. ఇందులో నాకు ప్రాణం ఒక్కటే, లిజన్ బటన్. అది నొక్కితే అసలు గొంతు పోయి, మనం కోసేస్తున్న ముక్క మాత్రమే వినిపిస్తుంది. చీపురుతో ఊడ్చినట్టు 'స్స్... స్స్' అని వస్తే సరే. అందులో మాటలు కూడా అర్థమవుతున్నాయంటే అతి చేస్తున్నామని లెక్క.

మాది పర్లాకిమిడి. ఆటో మైకు ప్రకటనలు తెలుగులోనూ ఒడియాలోనూ నేనే చదివి ఇస్తాను. బట్టల షాపువాళ్ల కాగితంలో స లేని మాట వెతుక్కోవాలి: 'సంక్రాంతి స్పెషల్, సగం ధరకే సిల్కు చీరలు'. 'చవక'లో చ కూడా త్స అని పలుకుతాం కాబట్టి అదీ ప్లగిన్ కాపు కాసే 7 కిలోహెర్ట్జ్ దగ్గర దొరికిపోతుందని, 'చీర'లో చ తప్పించుకుంటుందని ఈ బటన్ నొక్కాకే తెలిసింది. ఒడియాలోనైతే శ, ష, స మూడూ స గానే పలుకుతారు. దానికి థ్రెషోల్డ్, అంటే ఎంత గట్టి శబ్దం నుంచి కోత మొదలవ్వాలన్న హద్దు, వేరే పెట్టుకోవాలి.

మొదటి ఏడాది కనబడ్డవాడికల్లా కళ్లు మూసుకుని వేసుకోమన్నాను. ఇప్పుడు ఆ మాట అనను. పోయిన సంక్రాంతికి అర్ధరాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లిజన్ కూడా నొక్కకుండా, 12 డెసిబెల్స్ దాకా కోసేశాను. చెవికి వెన్నపూసలా ఉంది. మర్నాడు షాపాయన ఫోను. "ఏటి బాబూ, పాతపట్నం కాడ జనం 'అగం ధరేటి' అని అడుగుతన్నారు!"

పరుగెత్తి వెళ్లి విన్నాను. నిజమే. ఆటో మీది హారన్, అదే గరాటా లాంటి స్పీకరు, ఎలాగూ పై శబ్దాలను సరిగ్గా పలకదు. నేను మిగిల్చిన కాస్త స నూ అది మింగేసింది. పాత ఫోన్ లైన్లలో 3,400 హెర్ట్జ్ పైన కోసేసేవారు గనకే 'స'నా 'ఫ'నా అని రెండుసార్లు అడిగేవాళ్లం. ఆ సంగతి తెలిసి కూడా హారన్ మీద ఒక్కసారి విని చూసుకోలేదు. మళ్లీ రికార్డు చేసి ఇచ్చాను, డబ్బులు అడగలేదు.

ఆ తర్వాత మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు తిప్పి, జానెడు దూరంలో పెట్టాను. సగం గోల అక్కడే తగ్గింది. ప్లగిన్‌ను ఇప్పుడు 4 డెసిబెల్స్ దాటనివ్వను.

హెడ్‌ఫోన్స్‌లో వినే కథలు చదివేవాళ్లు ఇంకొంచెం పెంచుకోవచ్చేమో, నా బేరమంతా ఆటోల మీదే. పైగా నాకు ముందు పళ్ల మధ్య సందుంది, స అన్నప్పుడల్లా ఈల వస్తుంది. అది లేనివాళ్లకు మైకు తిప్పుకుంటే సరిపోతుందేమో.